అప్‌డేట్: చూపు ఎక్కడ పెట్టాలో తెలియట్లేదని అడిగింది నేనే

నాలుగు నెలల క్రితం అడిగాను, గుర్తుందా? ఎవరితో మాట్లాడుతున్నా నా చూపు ఎక్కడ పడుతోందో అన్న ధ్యాసే, తప్పుగా అనుకుంటారేమోనని నేలచూపులే, ఏం చేయాలని. సైకియాట్రిస్టును కలవమని చాలామంది చెప్పారు. కలిశాను.

ఓసీడీ అన్నారు, అంటే వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనలు, ఆ కంగారు తగ్గించుకోవడానికి మళ్లీ మళ్లీ చేసే పనులు. ఇన్నేళ్లూ సిగ్గనుకున్నాను. మందు పనిచేయడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చని ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే మూడో వారంలోనే మానేసేవాణ్ణి.

నాకు ఎక్కువ పనికొచ్చింది మాత్రం థెరపీ. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అంటారు, అంటే భయపడే పరిస్థితిలోకి కావాలనే వెళ్లి, కంగారు తగ్గించుకునే ఆ పనులు చేయకుండా ఉండటం. నల్ల కళ్లద్దాలు పెట్టుకోవడం, ఫోన్లో తల దూర్చడం కంపల్షన్లే, అంటే కంగారు తగ్గించుకోవడానికి చేసే ఆ పనులే అంటే ఒప్పుకున్నాను. కానీ ఇంటికొచ్చాక "ఆవిడ కుర్చీ వెనక్కి జరిపింది, నా వల్లేనా?" అని పదేపదే రివైండ్ చేసుకోవడం కూడా అదేనట! అది నాకు తట్టనే లేదు. చూపుకి ఎంత కాపలా కాస్తే అది అంతగా అటే లాగుతుంది మరి.

మొదటి హోంవర్క్: లిఫ్టులో తలెత్తి నిలబడటం. నాలుగంతస్తులు. అరచేతులు తడిసిపోయాయి. పక్కాయన జేబులన్నీ తడుముకుంటూ తాళాల కోసం వెతుక్కుంటున్నాడు. నేను తలెత్తానో దించానో ఆయనకేం పట్టింది! అయితే కష్టం అది కాదు, ఆ రాత్రి ఆ సీను మళ్లీ తిప్పి చూసుకోకుండా పడుకోవడం.

ఆలోచనలు ఇప్పటికీ వస్తాయి. మీటింగుల్లో ఫరవాలేదు. బస్సులో ఎదురుసీటు ఇంకా నావల్ల కావట్లేదు, వచ్చే వారం దాని పనే.