ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చొచ్చా? షాపాయన మారుస్తానంటున్నాడు

కోనసీమ_కుర్రాడు:
2020లో కొన్న ల్యాప్‌టాప్, గ్రాఫిక్స్ జీటీఎక్స్ 1650. మూడు నెలలుగా స్క్రీన్ మీద చారలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒకాయన "గ్రాఫిక్స్ కార్డు పోయింది, మార్చేస్తా, పద్నాలుగు వేలవుద్ది" అన్నాడు. ఎలాగూ మారుస్తున్నాం కదా, ఇంతకంటే పెద్దది, 3060 వేయించేస్తే పోలా?

బెజవాడ_బైట్:
కార్డంటూ ఉంటేగా మార్చడానికి! చిప్పుని మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. ఎంఎక్స్ఎం అని విడి కార్డులొచ్చేవి ఒకప్పుడు, స్క్రూలిప్పి లాగేస్తే వచ్చేసేవి. ఇప్పుడు మార్చలేరు. టోపీ పెడుతున్నాడు, పారిపో తమ్ముడూ.

సోల్డర్_సుబ్బు:
మార్చలేరని ఎవరన్నారండీ? పన్నెండేళ్లుగా చిప్‌లెవల్ పని చేస్తున్నా. కింద ప్రీహీటర్, పైన వేడిగాలి. ఫ్లక్స్ పొగ లేచాక చిప్పుని ట్వీజర్‌తో అలా తాకితే కాస్త జరిగి, మళ్లీ తనంతట తనే వచ్చి కూర్చుంటుంది. వారానికి మూడు నాలుగు చేస్తాను.

బెజవాడ_బైట్:
ఆయన అడిగింది 3060. వేసి చూపించండి.

సోల్డర్_సుబ్బు:
3060 వేస్తానని నేనన్నానా? చిప్పు కింద సోల్డర్ బాల్స్ అమరిక వేరు, మెమరీ వేరు, పవర్ సెక్షన్ వేరు, చిప్పుని నడిపే ప్రోగ్రామ్ వీబయోస్ వేరు. 1650 తీసి 1650 వేయొచ్చు. మీరు రాసింది మాత్రం "మార్చలేరు" అని. పైన ఉంది చూసుకోండి.

టీ_బిస్కట్:
మార్చడమా, పెంచడమా? ముందది తేల్చండయ్యా.

అమీర్‌పేట్_అర్ధరాత్రి:
థండర్‌బోల్ట్ పోర్టు ఉంటే బయట డబ్బాలో కార్డు పెట్టుకోవచ్చుగా. లేదంటే ఫ్రేమ్‌వర్క్ 16 ల్యాప్‌టాప్ కొనుక్కో, గ్రాఫిక్స్ మాడ్యూల్ వెనకనుంచి ఊడొస్తుంది.

టీ_బిస్కట్:
కాలు బెణికినోడికి కారు కొనుక్కోమన్నట్టుంది.

బెజవాడ_బైట్:
సుబ్బు గారూ, మాటలు పట్టుకుని వేలాడటం కాదు. 2010లో ఇంజినీరింగ్ సెకండియర్. నా ల్యాప్‌టాప్‌లో 8600ఎం గ్రాఫిక్స్ చిప్పు పోయింది. "కొత్త చిప్పు వేశాం" అని 4,500 తీసుకున్నారు. నాన్న ధాన్యం డబ్బుల్లోంచి తీసిచ్చాడు. నలభయ్యో రోజున మళ్లీ నల్ల స్క్రీన్. అడిగితే "ఎలక్ట్రానిక్ వస్తువండీ, గ్యారంటీ ఉండదు" అన్నారు.

సోల్డర్_సుబ్బు:
ఆ సిరీస్‌లో జబ్బు చిప్పు లోపలే. సిలికాన్ ముక్కకీ దాని పళ్లేనికీ మధ్య ఉండే సన్నటి బంప్స్ పగిలిపోయేవి. వాటిని తయారుచేసిన ఎన్‌విడియానే 2008 జులైలో వాటి వారంటీ ఖర్చుల కోసం 15-20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. వేడి చేస్తే కొన్నాళ్లు లేచి మళ్లీ పడుకునేవి. కింద బాల్స్ మార్చినా అంతే. ఆ షాపువాడికి ఇది తెలుసో లేదో.

బెజవాడ_బైట్:
తెలియకపోతే బిల్లు మీద "కొత్త చిప్పు" అని ఎందుకు రాశాడు? వేడి చేసి ఇచ్చామని చెబితే నేను ఆ డబ్బు పెట్టేవాణ్నే కాదు. నా గొడవ అదీ. చిప్పు ఊడుతుందా లేదా అని కాదు.

సోల్డర్_సుబ్బు:
ఆ ముక్క మొదటే అని ఉంటే సరిపోయేది. మీరు మాత్రం రిపేరంటేనే టోపీ అని రాశారు. అలాంటివి చదివొచ్చిన కుర్రాళ్లు నా బల్ల ముందు ఫోన్ పెట్టి వీడియో తీస్తూ కూర్చుంటున్నారు. నేను పాత చిప్పు కస్టమర్ చేతిలో పెడతా, తొంభై రోజులు రాసిస్తా. ఎవడో చేసిన పాపానికి నేనెందుకు మాట పడాలి?

బెజవాడ_బైట్:
వీడియో తీస్తే మీకేం నష్టం?

సోల్డర్_సుబ్బు:
చెయ్యి వణుకుద్ది.

కోనసీమ_కుర్రాడు:
షాపాయనకి ఫోన్ చేశా. పాత చిప్పు ఇస్తారా అంటే "అది మా దగ్గరే ఉంటుంది" అన్నాడు. బిల్లు సంగతి అడిగితే "బిల్లా?" అన్నాడు.

సోల్డర్_సుబ్బు:
తమ్ముడూ, ఇందాకే అడగాల్సింది. హెచ్‌డీఎంఐతో టీవీకి పెట్టి చూశావా? అందులోనూ చారలొస్తే చిప్పుని అనుమానించు. ల్యాప్‌టాప్ స్క్రీన్‌లోనే వస్తే వేరే కథ.

కోనసీమ_కుర్రాడు:
ఇప్పుడే పెట్టా అన్నా. టీవీలో ఒక్క చార లేదు. మూత కాస్త వెనక్కి వంచితే ల్యాప్‌టాప్‌లోనూ పోతున్నాయి. ముందుకు లాగితే మళ్లీ వస్తున్నాయి.

సోల్డర్_సుబ్బు:
డిస్‌ప్లే కేబుల్. హింజ్ దగ్గర నలిగి ఉంటుంది. చిప్పు జోలికి ఎవర్నీ వెళ్లనీకు.

బెజవాడ_బైట్:
మరి పద్నాలుగు వేలు దేనికన్నాడో కూడా మీరే చెప్పండి సుబ్బు గారూ.