‘పిండి పట్టించుకున్నావా?’

తలనొప్పిగా ఉందంటే అమ్మ ఫోన్లో, ‘శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వెయ్యి, నిద్ర పడుతుంది’ అంది. పక్కనున్న మావాడు ‘పట్టంటే చీర కదా, నుదుటికెందుకు?’ అన్నాడు. నవ్వాను గానీ, వాడి అనుమానం తప్పేం కాదు.

చీర పట్టు వేరు, చేతి పట్టు వేరు. మొదటిది సంస్కృత ‘పట్ట’ తాలూకు మాట. రెండోది మన ద్రావిడ ధాతువు. తమిళంలో ఇవి కలిసిపోలేదు: చీరకి ‘పట్టు’, పట్టుకోవడానికి ‘పట్రు’. వాళ్ల ఆ ‘ట్ర’ మన దగ్గర ‘ట్ట’ అవుతుంది. సుట్రు మన చుట్టు, పుట్రు మన పుట్ట. అలా తెలుగులో రెండు మాటలూ ఒకే వేషం కట్టాయి.

ఇక క్రియ సంగతి. దొంగను మనం పట్టుకుంటాం. చెమట, నిద్ర, పిచ్చి, శని మనకి పడతాయి. పట్టేది అవి, మనం కాదు. ‘కొను’ చేరితేనే పట్టు మన చేతిలోకి వస్తుందని సూత్రం కడదామంటే జలుబూ భయమూ అడ్డొస్తాయి. అవీ మనల్ని ‘పట్టుకుంటాయి’. ఓ పట్టాన వదలవు కాబట్టేమో! నిద్ర మాత్రం ఎవర్నీ పట్టుకోదు.

రాతలో ఇంకో తిరకాసుంది. ‘నిద్ర పడుతుంది’, ‘వాన పడుతుంది’ చూడ్డానికి ఒకటే. జరిగిపోయినట్టు చెప్పి చూడండి: నిద్ర పట్టింది, వాన పడింది. ‘రెండు గంటలు పడుతుంది’ కూడా అంతే, పట్టింది అంటాం. బిందెలో నీళ్లు పడతాయి, బోరులోనూ నీళ్లు పడతాయి. కానీ బిందెలో పట్టాయి, బోరులో పడ్డాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ‘పట్టించు’. చేప ముక్కలకి ఉప్పూకారం పట్టిస్తాం, తలకి నూనె పట్టిస్తాం, దొంగని పోలీసులకి పట్టిస్తాం, మిల్లులో పిండి పట్టిస్తాం. చిన్నప్పుడు మా ఇంట్లో ఆదివారం పూట వినపడే మాట: ‘ఏవండీ, పిండి పట్టించుకొచ్చారా?’ నాన్న పేపర్లోంచి తలెత్తకపోతే వెంటనే రెండోది: ‘నా మాట ఎప్పుడు పట్టించుకున్నారు గనక!’

ఇంతకీ మీ ఊళ్లో మిల్లుకెళ్లి పిండి పట్టిస్తారా, ఆడిస్తారా, ఇంకేమైనా అంటారా?