అప్‌డేట్: కొత్త పీసీ ఆన్ అయింది, తప్పు మదర్‌బోర్డుది కాదు

కొత్తగా బిగించిన పీసీలో పవర్ నొక్కగానే ఫ్యాన్లు అర సెకను తిరిగి ఆగిపోతున్నాయని అడిగాను కదా. కారణం దొరికింది!

మీరు చెప్పినట్టే బోర్డును కేస్‌లోంచి తీసి, దాని అట్టపెట్టె మీద పెట్టాను. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, అంతే. పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో కలపగానే బయోస్ స్క్రీన్ (పీసీ ఆన్ అవగానే మొదట వచ్చే సెట్టింగుల తెర) వచ్చేసింది. ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఖాళీ కేస్‌లో టార్చ్ వేసి చూశాను. నాది మైక్రో ఏటీఎక్స్, అంటే మామూలు ఏటీఎక్స్ కంటే చిన్న సైజు బోర్డు. దానికి రంధ్రమే లేని చోట ఒక ఇత్తడి స్టాండాఫ్ (బోర్డు కేస్‌కు తగలకుండా ఎత్తి పట్టే చిన్న స్క్రూ కాలు) ముందే బిగించి ఉంది. బోర్డు వెనక టంకం చుక్కల మీద సన్నటి గీత కూడా పడింది. అక్కడే షార్ట్ అయి పవర్ సప్లై ఆగిపోతోంది. ఆ స్టాండాఫ్ విప్పేసి బోర్డును మళ్లీ బిగించాను. రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిచింది, ఒక్క ఎర్రర్ లేదు.

బోర్డు వాపసు పంపేద్దామనుకున్న నన్ను ఆపినందుకు చాలా థ్యాంక్స్.