12,34,56,789కి కారణాంకాలు చేత్తో తీసే దారి ఉందా?

హన్మకొండ ట్యూషన్:
పదో తరగతి పిల్లలకు ప్రధాన సంఖ్యలు చెప్తుంటే ఒకడు లేచి బోర్డు మీద 1 నుంచి 9 దాకా వరుసగా రాసి, ఇది ప్రధాన సంఖ్యేనా సార్ అని అడిగాడు. అంకెల మొత్తం 45, కాబట్టి 9తో పోతుంది, అక్కడిదాకా వాళ్లే చెప్పేశారు. భాగిస్తే 1,37,17,421 వస్తుంది. ఇక అక్కడి నుంచి 7, 11, 13, 17 అనుకుంటూ చాలా దూరం పోయినా ఏదీ పోవట్లేదు. ఫోన్‌లో కొడితే జవాబు వస్తుంది, అది వద్దు. చాక్‌పీసుతో చూపించే పద్ధతి కావాలి.

పరకాల పోరడు:
అట్లా పోతే తెల్లారుతుంది అన్నా. దాని వర్గమూలం 3703 చిల్లర, మొదటి కారణాంకమేమో 3607. అంటే ఐదు వందలకు పైగా ప్రధాన సంఖ్యలతో భాగించాక గాని దొరకదు.

లెక్కల పిచ్చి, కరీంనగర్:
భాగహారం వదిలేయండి సార్. 17వ శతాబ్దంలో ఫెర్మా వాడిన పద్ధతి ఉంది, పిల్లలకు వచ్చిన a² − b² = (a + b)(a − b) చాలు దానికి. వర్గమూలం 3703 దాటింది కదా, 3704 వర్గం తీసుకొని అందులోంచి మన సంఖ్య తీసేస్తే 2195, అది వర్గం కాదు. 3705 వర్గం 1,37,27,025, తీసేస్తే 9604. అది 98 వర్గం! అయిపోయింది: 3705 − 98 = 3607, 3705 + 98 = 3803, రెండూ ప్రధాన సంఖ్యలే. మొత్తం 3 × 3 × 3607 × 3803. రెండో అడుగుకే పడిపోయింది, బోర్డు మీద ఇంతకంటే మంచి ఉదాహరణ నాకైతే తెలియదు.

హన్మకొండ ట్యూషన్:
అబ్బ, భలే ఉంది! తిప్పి రాసిన 98,76,54,321కి కూడా ఇట్లనే పోతుందా?

లెక్కల పిచ్చి, కరీంనగర్:
పోదు సార్, దాని జోలికి పోకండి. 9 తీసేస్తే 10,97,39,369 వస్తుంది, అది 17 × 17 × 3,79,721. కారణాంకాలు ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి, ఈ పద్ధతిలో 10,476 నుంచి మొదలుపెట్టి 1,90,005 దాకా పోవాలి, ఎవరికి ఓపిక? మామూలు భాగహారంలో 17 వెంటనే తగులుతుంది. దగ్గర దగ్గర కారణాంకాలుంటేనే ఫెర్మా పద్ధతి. ఆర్‌ఎస్‌ఏ (ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా ఉంచే సంకేత పద్ధతి) తాళాలకు పెద్ద ప్రధాన సంఖ్యలు ఎంచుకునేటప్పుడు రెండూ మరీ దగ్గరగా ఉండొద్దనేది కూడా అందుకే.

పరకాల పోరడు:
ఇంకోటి, 12,34,56,789ని 8తో గుణించి 9 కలపండి, సరిగ్గా 98,76,54,321 వస్తుంది. అంటే రెండింటి గ.సా.భా. 9ని భాగించాల్సిందే, రెండూ 9తో పోతాయి కాబట్టి గ.సా.భా. 9. కారణాంకాలు తీసే పనే లేదు. రేపు ఇది కూడా అడగండి పిల్లల్ని.