ఒకే కుండ కర్నూల్లో జిల్లుమంటుంది, కాకినాడలో చల్లబడదు. ఎందుకని?

కాకినాడ_కోడలు:
మా పుట్టిల్లు కర్నూలు. ఈ వేసవికి మా నాన్నగారు వస్తూ, మేం చిన్నప్పటినుంచీ కొనే కుమ్మరి దగ్గరే కుండ తీసుకొచ్చారు. అక్కడ మే నెలలో ఆ కుండల్లో నీళ్ళు తాగితే గొంతు జిల్లుమనేది. ఇక్కడ వంటింటి మూలన పీట మీద పెట్టాను. రాత్రంతా ఉంచినా గది నీళ్ళకీ కుండ నీళ్ళకీ పెద్ద తేడా తెలియడం లేదు. పోనీ నీరు ఊరడం లేదా అంటే అదీ కాదు, కుండ ఒళ్ళంతా తడే, పీట కూడా నానిపోతోంది. కొత్త కుండ కదా, నానితే చల్లబడుతుందిలే అన్నారు మా అత్తగారు. నెల దాటింది. తేడా కుండలో ఉందా, నీళ్ళలో ఉందా, ఊళ్ళో ఉందా? మీ ఇళ్ళల్లో ఎలా ఉందో చెప్పండి. ఊరి పేరు, కుండ ఎక్కడ పెడతారో కూడా రాయండి.

అనంతపురం_మాస్టారు:
అమ్మా, మీ కుండ బాగానే ఉంది. ఒళ్ళంతా తడిగా ఉందన్నారు చూడండి, జవాబు అక్కడే ఉంది. మా అనంతపురంలో మే నెల మధ్యాహ్నం కుండని తడిమితే చల్లగా తగులుతుంది కానీ నీటిబొట్టు కనపడదు. ఊరిన నీరు ఊరినట్టే గాలిలో కలిసిపోతుంది. మీ దగ్గర ఊరిన నీరు ఆరడం లేదు, కారిపోతోంది. కారిన నీటివల్ల చల్లదనం రాదు, ఆరిన నీటివల్లే వస్తుంది.

లెక్క చెప్తాను. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కెలోరీల వేడి కావాలి. ఆ వేడిలో చాలాభాగం కుండలోని నీళ్ళనుంచే లాక్కుంటుంది. 10 లీటర్ల కుండలో 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసుడు, ఆరిపోతే మిగిలిన నీళ్ళు దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి. బయటి గాలి మళ్ళీ వేడి ఇస్తూనే ఉంటుంది కాబట్టి అసలు ఖర్చయ్యే నీరు ఇంకా ఎక్కువ. అందుకే మా ఇంట్లో కుండ పొద్దున నింపితే సాయంత్రానికి మట్టం దిగిపోతుంది, ఎవరూ తాగకపోయినా.

ఇక ఎంతవరకు చల్లబడుతుంది అన్నది గాలి చేతిలో ఉంది. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి, గాలి తగిలేలా పెడితే ఒక అంకె చూపిస్తుంది. కుండ ఎంత మంచిదైనా దానికంటే కిందకి నీళ్ళు దిగవు. గాలి 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నచోట ఆ అంకె 23 దగ్గర ఉంటుంది. గాలి 35 డిగ్రీలే అయినా తేమ 70 శాతం ఉంటే అది 30 దగ్గరే ఆగిపోతుంది. మొదటిది మా ఊరు, రెండోది మీ ఊరు. మాకు ఎండ ఎక్కువే, కుండ చలవా ఎక్కువే.

బందరు_వీధిఅరుగు:
మాస్టారు చెప్పింది మా మచిలీపట్నంలో ప్రతి వేసవీ చూస్తాం. మే నెలలో పడమటి గాలి తిరిగిన రోజున ఒళ్ళు మండిపోతుంది, పెదాలు పగులుతాయి, ఆరేసిన బట్టలు పిడచలు కట్టినట్టు బిరుసెక్కుతాయి. ఆ రోజు కుండ నీళ్ళు అద్భుతంగా ఉంటాయి. మర్నాడు సముద్రపు గాలి వస్తే ప్రాణానికి కాస్త హాయి, కుండ మాత్రం పనిచేయదు. కుండా అదే, మూలా అదే, ఇంట్లో మనుషులూ అదే. మారింది గాలి ఒక్కటే.

కాకినాడ అక్కా, వంటింటి మూలనుంచి ముందు తీసేయండి. అన్నం గంజి ఆవిరి, కుక్కరు ఆవిరి అన్నీ అక్కడే. గాలి ఆడే వరండాలో, నీడపట్టున, పీట బదులు ఇసుక పోసి దాని మీద పెట్టండి. రాత్రి ఫ్యాను గాలి తగిలేచోట పెడితే ఇంకా మంచిది. కర్నూలు చలవ రాదు కానీ తాగబుద్ధయ్యేలా ఉంటాయి నీళ్ళు.

రియాద్‌_జగిత్యాల:
మాది జగిత్యాల్ దిక్కు. గల్ఫ్‌ల డ్రైవర్ పని. రియాద్‌ల ఉన్నప్పుడు నీళ్ళ క్యానుకు గోనెసంచి చుట్టి, మంచిగ తడిపి, బండి నీడదిక్కు గాలి తాకేటట్టు కట్టేటోళ్ళం. బయట 45 డిగ్రీలున్నా క్యాన్ల నీళ్ళు సల్లగుంటుండె. ఆడ గాలిల తేమ పది శాతం సుట్టుముట్టే ఉంటది ఎండకాలం. తర్వాత కంపెనీ దమ్మాం పంపింది. సముద్రం పక్కనే. అదే క్యాను, అదే గోనె, ఆగస్టుల కడితే నీళ్ళు వేడిగనే ఉన్నయి, గోనె రోజంతా ఆరనే లేదు. అప్పుడు సమజ్ కాలేదు, మాస్టారు రాసింది సదివినంక సమజైంది. క్యాన్ ప్లాస్టిక్‌ది, మట్టి కానే కాదు. అయినా సల్లబడ్డది అంటే మట్టిల మందేం లేదన్నట్టే గద సార్?

అనంతపురం_మాస్టారు:
సరిగ్గా పట్టుకున్నావు నాయనా. మట్టి చేసే పని నీటిని సన్నగా బయటికి ఊరనివ్వడం. ఆ పని నీ గోనె చేసింది. తేడా ఒక్కటే, గోనెని నువ్వు మళ్ళీ మళ్ళీ తడపాలి, కుండ తనంతట తానే తడుపుకుంటుంది.

సారె_ఇంటివాణ్ణి:
మాది కుమ్మరుల ఇల్లు, మా నాన్న ఇంకా సారె మీద కూర్చుంటారు. మట్టిలో మందు లేదన్నది నిజమే కానీ చేతిపని ఉంది, అది చెప్పాలనిపించింది. నీళ్ళ కుండకి కలిపే మట్టి వేరు. చెరువు మట్టిలో సన్న ఇసుక కలుపుతాం, కొన్నిచోట్ల ఊక, బూడిద కూడా కలుపుతారు. ఆవంలో, అంటే కుండలు కాల్చే బట్టీలో, ఊక కాలిపోయి ఆ జాగాలో సన్న రంధ్రాలు మిగులుతాయి. కాల్పు ఎక్కువైతే మట్టి గట్టిపడి రంధ్రాలు మూసుకుంటాయి. ఆవకాయ పెట్టుకునే పింగాణీ జాడీ చూడండి. బాగా పెద్ద వేడిలో కాల్చి పైన మెరుపు పూత వేస్తారు, కాబట్టి చుక్క ఊరదు. ఊరగాయకి అదే కావాలి. నీళ్ళకి అది పనికిరాదు.

ఈమధ్య బజార్లో పువ్వులు, నెమళ్ళు వేసి నూనె రంగు పూసిన కుండలు అమ్ముతున్నారు. చూడ్డానికి బాగుంటాయి, కానీ రంగు పూసినంత మేరా నీరు ఊరదు. ఎక్కువమంది మా దగ్గరికొచ్చి కుండ చల్లబడటంలేదని చెప్పేది ఇలాంటివాటి గురించే. కొనేముందు కుండ మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లి చూడండి. పీల్చుకుంటే తీసుకోండి, జారిపోతే వద్దు.

నల్లది మంచిదా ఎర్రది మంచిదా అని కూడా అడుగుతారు. ఆవంలో గాలి ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది, గాలి మూసి పొగ పట్టిస్తే నల్లబడుతుంది. నీడలో పెట్టే కుండకి రంగుతో పనిలేదు.

నల్గొండ_రంజన్:
మా ఇంట్ల రంజన్, అంటే నీళ్ళ కుండ, మొదటి ఏడు బ్రహ్మాండంగ పనిచేసింది. రెండో ఏడు సగం. ఇప్పుడు బయట తెల్లగ పొరలాగ కట్టింది, నీళ్ళు అసలు సల్లగైతలేవు. బోరు నీళ్ళు పోస్తం. పారేయాలె అంటరా?

సారె_ఇంటివాణ్ణి:
పారేయకండి. బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ. నీరు ఆరిపోతుంది, ఉప్పు ఆరదు, రంధ్రాల్లోనే ఉండిపోతుంది. ఖాళీ చేసి కొబ్బరిపీచుతో బయటా లోపలా గట్టిగా రుద్దండి, నిమ్మచెక్కతో రుద్దితే తెల్లపొర కొంత కరుగుతుంది. తర్వాత బాగా కడిగి ఎండలో పెట్టండి. సబ్బు మాత్రం వాడొద్దు, రంధ్రాల్లోకి వెళ్ళి నీళ్ళకి వాసనొస్తుంది. అప్పటికీ మారకపోతే అందులో మొక్క పెట్టుకుని కొత్తది కొనుక్కోండి. మీ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందేమో కూడా చూడండి, కుండ దాన్ని తీసేయదు.

గుంటూరు_గృహిణి:
కుండలో పోస్తే నీళ్ళు శుభ్రపడతాయని, క్షారగుణం వచ్చి గ్యాస్ తగ్గుతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా? మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది ఫిల్టర్లు తీసేసి కుండలు పెట్టారు.

మందులషాపు_రాజమండ్రి:
దయచేసి ఫిల్టరు తీసేయకండి. నేను ఫార్మసిస్టుని, వేసవిలో విరేచనాల మందుల కోసం వచ్చే ఇళ్ళు చూస్తున్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను. కుండ గోడలోంచి బయటికి ఊరిన నీరు వడపోత అయి ఉండొచ్చు, కానీ అది ఆరిపోతుంది. మీరు తాగేది లోపల మిగిలింది. పోసిన క్రిములు అందులోనే ఉంటాయి. ఇక క్షారం మాట. కడుపులో ఉండేది గట్టి ఆమ్లం, గ్లాసుడు కుండ నీళ్ళలో ఉండే కాస్త తేడా అక్కడ లెక్కకి రాదు.

ఫిల్టరు నీళ్ళో, కాచి చల్లార్చిన నీళ్ళో కుండలో పోయండి. గ్లాసు చేత్తో ముంచకండి, పిడి పొడుగున్న గరిటె వాడండి. సన్నమూతి కుండకి కొళాయి ఉంటే మరీ మంచిది. చలివేంద్రాలు పెట్టేవాళ్ళు ఈ ఒక్కటీ పాటిస్తే ఎంతమందికి మేలో.

బెజవాడ_విద్యార్థి:
ఎయిర్ కూలరుదీ ఇదే కథా? మా హాస్టల్ గదిలో తలుపులు మూసుకుని కూలరు వేస్తే మొదట హాయిగా ఉండి, తర్వాత ఒళ్ళంతా జిగటగా అయిపోతుంది.

అనంతపురం_మాస్టారు:
ఇదే. కూలరు గదిలోకి చల్లదనంతోపాటు తేమని కూడా తోస్తుంది. తలుపులు మూస్తే ఆ తేమ పోవడానికి దారి లేదు, కాసేపటికి నీరు ఆరడం ఆగిపోతుంది. ఎదురుగా కిటికీ తెరిచి ఉంచాలి. వెనకటి రోజుల్లో వట్టివేళ్ళ తడకలు గుమ్మాలకి కట్టి తడిపేవారు, గాలి ఇటునుంచి వచ్చి అటు పోయేది.

మన ఒళ్ళు కూడా ఈ పద్ధతి మీదే బతుకుతోంది. చెమట పట్టడం కాదు, ఆరడం ముఖ్యం. తడిగుడ్డ థర్మామీటరు 35 చూపించే గాలిలో, నీడలో కదలకుండా కూర్చున్నా మనిషి ఒళ్ళు వేడిని వదిలించుకోలేదని 2010లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆరోగ్యవంతులకు కూడా అంతకంటే తక్కువలోనే కష్టం మొదలవుతుందని తర్వాతి పరీక్షల్లో తేలింది. 2015 మేలో వచ్చిన వడగాలులకు మన రెండు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా పోయారు. కాబట్టి కోస్తావాళ్ళు 36 డిగ్రీలే కదా అని పొలంలో, కట్టడాల దగ్గర మధ్యాహ్నం పని చేయించొద్దు.

మందులషాపు_రాజమండ్రి:
దానికి ఒక మాట కలుపుతాను. ఎండదెబ్బకి మనిషి మాట తడబడుతున్నా, స్పృహ తప్పుతున్నా 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు నీడకి చేర్చి ఒళ్ళంతా తడిపి విసరండి. ఉక్కపోత ఊళ్ళల్లో తడి ఆరదు, అక్కడ చంకల్లో, మెడకి, గజ్జల్లో గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి. స్పృహలేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకండి.

భీమిలి_తీరం:
ఈ చర్చ చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. భీమిలి దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది, ఇన్సులిన్ తీసుకుంటుంది. ఫ్రిజ్ లేదు. సీసాని మంచినీళ్ళ కుండలోనే కవరులో పెట్టి వేలాడదీస్తోంది. మా దగ్గర కుండ చల్లబడదంటున్నారు కదా, ఇన్సులిన్ పాడైపోతోందా?

మందులషాపు_రాజమండ్రి:
కంగారుపడకండి. తెరవని సీసాలకి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి, అది ఏ కుండా ఇవ్వలేదు. కాబట్టి ఎక్కువ సీసాలు ఇంట్లో నిల్వ పెట్టొద్దు, ఒక్కటే తెచ్చుకోమనండి. మిగతావి షాపు ఫ్రిజ్‌లోనే ఉంచుతారు. వాడుతున్న సీసాని చాలా రకాల్లో నాలుగు వారాలు బయట ఉంచుకోవచ్చు, డబ్బా మీద 25 డిగ్రీలనో 30 డిగ్రీలనో రాసి ఉంటుంది, చూడండి. మీ తీరంలో కుండ 30 దగ్గరికి తెస్తుంది. కుండ లేకపోతే రేకుల ఇంట్లో అది ఇంకా పెరుగుతుంది, కాబట్టి కుండ వదలొద్దు.

కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరంలో ఇళ్ళల్లో వేడి 25 నుంచి 37 డిగ్రీల మధ్య ఊగుతుంటుంది. సరిహద్దులు లేని వైద్యుల సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం కలిసి అదే తీరు వేడిలో ఇన్సులిన్‌ని నాలుగు వారాలు ఉంచి పరీక్షిస్తే గుణం తగ్గలేదని 2021లో ప్రచురించారు. అయినా మీ డాక్టరుగారికి ఈ సంగతి చెప్పి ఉంచండి.

ఇన్సులిన్ సీసాని మంచినీళ్ళ కుండలో మాత్రం పెట్టొద్దు. దానికి విడిగా రెండు కుండలు, పెద్దదాంట్లో చిన్నది, మధ్యలో తడి ఇసుక. నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే మాస్టారు కూరగాయల కోసం ఇలాంటివే పంచిపెట్టి 2000లో రోలెక్స్ అవార్డు అందుకున్నారు. చిన్న కుండలో మూతున్న పొడి డబ్బా పెట్టి అందులో సీసా ఉంచండి, పైన తడిగుడ్డ కప్పండి, గాలి తగిలే నీడలో పెట్టండి. నీళ్ళలా తేటగా ఉండే రకం మసకబారినా, ఏ రకమైనా ఉండలు కట్టినా వాడొద్దు. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాయమనండి.

భీమిలి_తీరం:
చాలా థాంక్స్ అండీ. ఆదివారం ఊరెళ్తున్నాను, రెండు కుండలు, ఇసుక అక్కడే దొరుకుతాయి. లోపల డబ్బాలో చిన్న థర్మామీటరు కూడా పెట్టి, పగలూ రాత్రీ ఎంత చూపిస్తోందో ఇక్కడే రాస్తాను.