స్కూల్ సోలార్ ఇన్వర్టర్ ఎండ ముదిరాక ఆగిపోతోంది: కేబుల్ మార్చాలా, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ తగ్గించమనాలా?

మా ప్రభుత్వ హైస్కూల్ డాబా మీద 5 కిలోవాట్ల సోలార్ ఉంది. సింగిల్ ఫేజ్, నెట్ మీటర్ (మిగిలిన కరెంటు లైన్‌లోకి వెళ్తే అదీ లెక్కిస్తుంది), బ్యాటరీ లేదు. రోజుకు దాదాపు 20 యూనిట్లు రావాలి. రెండు నెలలుగా 11, 12 దాటడం లేదు.

ఉదయం బాగానే నడుస్తుంది. 11 గంటలకు ఇన్వర్టర్‌లో ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ (లైన్‌లో వోల్టేజ్ మరీ ఎక్కువైంది) అని చూపించి ఆగుతుంది, ఐదు నిమిషాలకు మళ్లీ మొదలవుతుంది. రెండింటి దాకా ఇదే వరస. ఫ్యాన్లు, కంప్యూటర్లు ఆడని ఆదివారాల్లో మరీ ఎక్కువ.

ప్యానెళ్లు కడిగించాం, కనెక్షన్లు బిగించాం, ఎర్తింగ్ చూపించాం. ఏమీ మారలేదు. బిగించిన కంపెనీవాళ్లు లైన్‌లోనే లోపం అంటారు, లైన్‌మన్ ఇన్వర్టర్‌దే అంటారు.

చివరికి మల్టీమీటర్ పెట్టి వోల్టేజ్ మేమే కొలిచాం. ఇన్వర్టర్ ఆపినప్పుడు దాని దగ్గరా, మీటర్ బోర్డు దగ్గరా 243 వోల్టులు. 20 ఆంపియర్లు పంపుతున్నప్పుడు ఇన్వర్టర్ దగ్గర 264, మీటర్ బోర్డు దగ్గర 252. మధ్యలో 70 మీటర్ల 6 చదరపు మి.మీ. అల్యూమినియం కేబుల్ ఉంది. 12 వోల్టులు అందులోనే పెరుగుతున్నాయని నా అనుమానం. కానీ మీటర్ బోర్డు దగ్గరా 9 పెరుగుతున్నాయి కదా! ఇన్వర్టర్ ఆగిపోయే వోల్టేజ్ పరిమితి పెంచుకోవచ్చని ఒకరన్నారు, పిల్లలున్న చోట అది చేయదలచుకోలేదు.

స్కూల్ నిధులు ఒక్క పనికే సరిపోతాయి. ఇలాంటిది సరిచేసినవాళ్లు చెప్పండి: ఈ కేబుల్‌ను 16 చదరపు మి.మీ. రాగి కేబుల్‌గా మారిస్తే సరిపోతుందా, లేక ముందు ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (అది ఇచ్చే వోల్టేజ్‌ను మార్చే అమరిక) తగ్గించమని విద్యుత్ శాఖను అడగాలా?