ఇంటి ముందు పాత వేప చెట్టు: కొట్టించాలా, కొమ్మలు తీయించాలా? ఎవర్ని పిలవాలి?

వడ్డేపల్లి_ఇల్లు:

అందరికీ నమస్తే. మాది హన్మకొండలో వడ్డేపల్లి వైపు. గేటు లోపల వేప చెట్టు ఉంది, 1994లో ఇల్లు కట్టినప్పుడు మా బాపు నాటింది. బాపు ఇప్పుడు లేడు. టేపు పెట్టి కొలిస్తే మొదలు చుట్టు ఆరడుగులు వచ్చింది. పోయిన వారం గాలిదుమారానికి ఒక పెద్ద మండ విరిగి పక్కింటివాళ్ల రేకుల షెడ్డు మీద పడింది. రెండు రేకులు పగిలాయి, కొత్తవి వేయించి ఇచ్చాను. అదృష్టం కొద్దీ ఆ టైంలో షెడ్డు కింద ఎవరూ లేరు, కానీ రోజూ సాయంత్రం వాళ్ల పిల్లలు ఆడుకునేది అక్కడే. అప్పటి నుంచి మబ్బు పడితే చాలు నాకు టెన్షన్. వాళ్లు చెట్టు మొత్తం తీసేయమంటున్నారు, వాళ్లను తప్పు పట్టలేను.

ఇద్దరితో మాట్లాడాను. మిషన్ రంపం పట్టుకుని గల్లీల్లో తిరిగే ఒకాయన గేటు దగ్గరి నుంచే చూసి, మొదలుతో సహా కొట్టేస్తాం, ఆరు వేలివ్వండి, కట్టె మాదే అన్నాడు. అడ్డా మీద నుంచి వచ్చిన ఇద్దరు రెండున్నర వేలకు పైన మొత్తం మోడు చేసి పోతామన్నారు, వాళ్ల దగ్గర గొడ్డలి, కొడవలి తప్ప మోకు కూడా లేదు. చెట్టు పక్క నుంచే కరెంటు లైన్ పోతుంది, మా సర్వీస్ వైరైతే కొమ్మల మధ్యలోంచే వస్తుంది. చెట్టు మొదలు మీద నడుము ఎత్తున ఒక తొర్ర ఉంది, చీమలు తిరుగుతుంటాయి. మా అమ్మ ఆ చెట్టు మీద చెయ్యి వేయొద్దంటుంది, ఉగాదికి పువ్వు, పోచమ్మకు మండలు అన్నీ దాని నుంచే. వానాకాలం లోపల ఏదో ఒకటి తేల్చాలి. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాత_లైన్‌మన్:

తమ్ముడూ, నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో 31 ఏళ్లు స్తంభాలెక్కి రిటైరైన మనిషిని. ముందు కరెంటు సంగతి చూసుకో, చెట్టు సంగతి తర్వాత. లైన్ పక్కనున్న చెట్టును కరెంటు తీయించకుండా ఎవర్నీ ఎక్కనివ్వకు, వాడు ఎంత అనుభవం ఉందని చెప్పినా సరే. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది, తడిసిన కొమ్మయితే ఇక చెప్పక్కర్లేదు. మనిషి వైరు ముట్టుకోనే అక్కర్లేదు, కొట్టిన కొమ్మ వంగి వైరుకు తగిలితే చాలు.

మీ ఏరియా లైన్‌మన్ దగ్గరికి వెళ్లు, లేదంటే 1912కు ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకో. చెట్టు తీసేవాళ్లు ఏ రోజు వస్తారో ముందే చెప్పి ఎల్‌సీ అడుగు, అంటే లైన్ క్లియర్, పని అయ్యేదాకా ఆ లైన్లో కరెంటు ఆపి ఉంచడం. పైన 11 కేవీ లైనైతే సబ్‌స్టేషన్ నుంచే ఆపాలి, ఇళ్లకు వచ్చే మామూలు ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైనైతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ (లైన్‌ను విడదీసే పెద్ద స్విచ్) దించి ఫ్యూజులు తీస్తారు. ఏదైనా సరే, లైన్‌మన్ వచ్చి చెక్ చేసి, వైర్లకు ఎర్త్ వేసి, నోటితో చెప్పాకే పని మొదలుపెట్టాలి. ఇంట్లో బల్బు ఆరిపోయింది కదా, కరెంటు పోయినట్టే అనుకుని ఎక్కించిన చోట ప్రాణాలు పోవడం నేను కళ్లారా చూశాను. గల్లీలో ఎవరైనా జనరేటర్ తప్పుగా కలిపితే ఆగిన లైన్లోకి కూడా కరెంటు వెనక్కి వస్తుంది, ఎర్త్ వేసేది అందుకే. సర్వీస్ వైరు ఆ ఒక్క పూటకు విప్పించు, మళ్లీ కలపడానికి అరగంట పట్టదు. ఇనుప నిచ్చెన, అల్యూమినియం నిచ్చెన చెట్టు దగ్గరికే రానివ్వకు.

ఇంకో మాట. ఎండాకాలంలో మావాళ్లు లైన్ కోసం కొమ్మలు కొడతారు కదా, అది వైరుకు అడ్డం ఉన్నంత వరకే. చెట్టు ఎలా నిలబడుతుందనేది చూసే టైం వాళ్లకు ఉండదు. అందుకని దాన్ని చెట్టు బాగు చేయించినట్టు లెక్క వేసుకోకు.

తోటమనిషి_పరకాల:

పైన అన్న చెప్పిన ఆఖరి మాటలోనే మీ సమస్య సగం ఉందేమో చూడండి. మీ చెట్టుకు లైన్ వైపు కొమ్మలు ఏటా పోతున్నాయా? పోతుంటే బరువంతా రెండో పక్కకే పెరుగుతుంది, అంటే పక్కింటి రేకుల మీదికే. విరిగింది ఆ వైపు మండే కదా. చెట్టు చెడ్డదై కాదు, ఒక పక్కే మోస్తూ వచ్చింది.

కొట్టేయాలా వద్దా అనేది మీరే కొంత పరీక్ష చేసుకోవచ్చు. సుత్తెతో మొదలు చుట్టూ కొట్టి వినండి, గట్టి చోట ఒక రకంగా, బోలు చోట డబ్బా కొట్టినట్టు వినిపిస్తుంది. తొర్రలోకి సన్నటి ఇనుప చువ్వ మెల్లగా పోనిచ్చి ఎంత లోతు పోతుందో చూడండి. బోలుగా ఉన్న ప్రతి చెట్టూ పడిపోదు. వ్యాసార్థంలో మూడో వంతు మందమైనా చుట్టూ గట్టి చెక్క ఉందా అని చూస్తారు. ఆరడుగుల చుట్టుకొలతకు వ్యాసార్థం పదకొండున్నర అంగుళాలు, అంటే నాలుగు అంగుళాల గట్టి చెక్క ఉండాలి. వంగిన వైపుకు వెనకాల నేల పగుళ్లిచ్చిందా, మట్టి పైకి లేచిందా చూడండి. అలా ఉంటే ఆలోచించక్కర్లేదు, తీయించండి. చెట్టు ఎంత పచ్చగా ఉన్నా వేరు పట్టు లేకపోతే నిలవదు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వచ్చిన గాలికి వందల ఎకరాల్లో వేల చెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి, అవన్నీ పచ్చటి చెట్లే.

వేర్లు బాగుంటే మాత్రం కొమ్మలు తీయిస్తే చాలు, కానీ మోడు మాత్రం చేయించకండి. తల మొత్తం నరికితే ఏడాదిలో గుబురుగా చిగుళ్లొస్తాయి, చూడ్డానికి బాగుంటుంది, కానీ అవన్నీ పై చెక్కకు అతుక్కుని ఉండేవే. మూడు నాలుగేళ్లకు బరువెక్కి ఒక్కొక్కటే ఊడి పడతాయి, నరికిన చోట్ల నుంచి లోపలికి కుళ్లు దిగుతుంది. ఒకసారికి చెట్టు పచ్చదనంలో నాలుగో వంతుకు మించి తీయొద్దు. ముందు ఎండినవి, తర్వాత షెడ్డు మీద బరువుగా ఉన్నవి.

పెద్ద కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మొదలుకు అడుగు దూరంలో కింది నుంచి కొంచెం, దానికి ఇంకాస్త అవతల పై నుంచి పూర్తిగా, చివరికి మిగిలిన మోటు. పై నుంచి ఒక్కటే కోత పెడితే కొమ్మ బరువుకు బెరడు మొదలు దాకా చీరుకుపోతుంది. ఆ ఆఖరి కోత కూడా కొమ్మ పుట్టిన చోట ఉండే ఉబ్బును వదిలి పెట్టాలి, అక్కడి నుంచే కొత్త బెరడు వచ్చి గాయం మూసుకుంటుంది. మొదలుకు అంటుకునేలా సాఫుగా కోసి దానికి తారు పూస్తామనేవాళ్లకు ఈ పని తెలియదని అర్థం.

వానలు పడకముందే చేయించండి. కొన్నేళ్ల కిందట మన దగ్గర వేప చెట్లన్నీ కొసల నుంచి ఎండిపోతూ వచ్చాయి గుర్తుందా, అది బూజు తెగులు, వాననీళ్లతో పాకుతుంది. మీ చెట్టుకు ఎండిన కొసలుంటే తీసి కాల్చేయండి.

కాజీపేట_అక్క:

డబ్బుల దగ్గర చూసుకుని నేను చేసిన తప్పు మీరు చేయొద్దని రాస్తున్నాను. నాలుగేళ్ల కింద మా ఇంటి వెనక చింత చెట్టు కొమ్మలు కొట్టించాను. ముగ్గురిని అడిగి తక్కువ చెప్పినవాళ్లకే ఇచ్చాను. మోకు లేదు, నడుముకు బెల్టు లేదు. ఆ అబ్బాయికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, తను నిలబడ్డ కొమ్మ మీదికే కొట్టిన కొమ్మ వాలింది, పన్నెండడుగుల పై నుంచి ప్రహరీ గోడ మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కు మేమే పెట్టుకున్నాం, దాన్ని గురించి బాధ లేదు. వాళ్లమ్మ ఆసుపత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని, పని ఎప్పటికి చేయగలడమ్మా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు నడుస్తున్నాడు కానీ బరువు ఎత్తలేడు.

అందుకే చెప్తున్నా, ఎవరు వచ్చినా ముందు తాడు, బెల్టు, హెల్మెట్ చూపించమనండి. కింద కొమ్మను తాడుతో పట్టి దించే మనిషి వేరే ఉన్నాడా అడగండి. ఎవరైనా పడితే ఎవరు చూసుకుంటారు, వాళ్లకు ప్రమాద బీమా ఉందా అనేది పని కుదుర్చుకునే రోజే మాట్లాడండి. పని జరిగేంత సేపు పక్కింటి పిల్లలు అటు రాకుండా మీరే నిలబడండి.

నర్సంపేట_రవాణా:

పర్మిషన్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. చెట్టు మీ గేటు లోపల ఉన్నా సరే, మొత్తం కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. సుబాబుల్, నీలగిరి లాంటి వాటికి మినహాయింపు ఉంది, వేపకు ఆ మాట అనుకోవద్దు. రేంజ్ ఆఫీసులో ఫొటోలతో అర్జీ పెట్టండి. మిషన్ ఆయన పర్మిషన్ ఏమీ అక్కర్లేదు అన్నాడంటే, రేపు ఎవరైనా అడిగితే చెప్పుకోవాల్సింది మీరే, ఆయన కట్టె ఎత్తుకుని వెళ్లిపోతాడు.

కట్టె మాదే అన్నాడు చూడండి, ఆ బేరంలో కూడా జాగ్రత్త. ఆరడుగుల వేప మొద్దుకు సామిల్లో ధర ఉంటుంది. దాన్ని తీసుకుంటూ మీ దగ్గర ఆరు వేలు అడుగుతున్నాడంటే రెండు వైపులా లాభం ఆయనకే. పైగా కట్టె మీద కన్నున్నవాడు చెట్టు ఉంచుకోమని మీకు ఎందుకు చెబుతాడు?

వడ్డేపల్లి_ఇల్లు:

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, మీరు రాసింది మా అమ్మకు చదివి వినిపించాను. అడ్డా వాళ్లకు వద్దని చెప్పేశాను.

తోటమనిషి గారూ, మీరన్నట్టే సుత్తెతో కొట్టి చూశాను. తొర్ర చుట్టూ జానెడు మేర బోలు శబ్దం, మిగతా అంతా గట్టిగా ఉంది. చువ్వ నాలుగు వేళ్ల లోతే పోయింది. నేల పగుళ్లు ఉన్నాయో లేదో చూద్దామంటే మొదలు చుట్టూ మూడడుగుల సిమెంటు గద్దె ఉంది, కూర్చోడానికని పదేళ్ల కింద పోయించాం. ఏం కనపడటం లేదు. లైన్ వైపు కొమ్మలు ఏటా కొడుతున్న మాట మాత్రం నిజం, ఇప్పుడు రోడ్డు మీదికి పోయి చూస్తే చెట్టు సగమే ఉన్నట్టు కనపడుతుంది, ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. మా ఊళ్లో తాటి చెట్లెక్కే గౌడన్న ఉన్నాడు, ప్రభుత్వం ఇచ్చిన కాటమయ్య రక్షణ కవచం కిట్టు కూడా ఉంది ఆయన దగ్గర, ఆయన్ను పిలవొచ్చా?

తోటమనిషి_పరకాల:

గద్దె పగలగొట్టించండి, అన్నిటికన్నా ముందు. సిమెంటు కింద వేళ్లకు గాలి అందదు, నీళ్లు దిగవు, మొదలు తడి పట్టి బెరడు మెత్తబడుతుంది. మీ తొర్రకు అది కూడా కారణం కావచ్చు. గడ్డపారతో మెల్లగా తీయించండి, బ్రేకర్ మిషన్ వద్దు, వేళ్లు దెబ్బ తింటాయి. అప్పుడు నేల చూసి చెప్పండి.

గౌడన్న కిట్టు మంచిదే, పడకుండా మనిషిని కాపాడుతుంది. కానీ తాడి చెట్టు ఎక్కడం వేరు, వేప కొమ్మను ఇంటి మీద పడకుండా తాడుతో దించడం వేరు. కొబ్బరి మట్టలు, గెలలు తీయించాలంటే ఆయన్ను మించినవాడు లేడు. మీ పనికి మాత్రం పెద్ద కొమ్మలు కట్టి దించిన అలవాటున్నవాళ్లే కావాలి. ఎవరు వచ్చినా ధర చెప్పే ముందు చెట్టు చుట్టూ తిరిగాడా, పైకి చూశాడా, వైరు గురించి అడిగాడా గమనించండి. వంగిన కొమ్మనైనా మొదలునైనా కింది కోత లేకుండా ఒకే పక్క నుంచి కోసుకుంటూ పోతే నిలువునా చీలి కోసేవాడి మీదికే ఎగురుతుంది, ఎలా కోస్తావని అడిగితే చాలు, జవాబులోనే మనిషి తెలిసిపోతాడు.

వడ్డేపల్లి_ఇల్లు:

పదిహేను రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను, అడిగి వదిలేస్తే బాగుండదని.

గద్దె తీయించాం. కింద మట్టి రాయిలా ఉంది, కానీ పగుళ్లు లేవు, వేళ్లు నాలుగు దిక్కులా బాగానే ఉన్నాయి. హసన్‌పర్తి దగ్గర తోటలో పనిచేసే ఒకాయనను తెలిసినవాళ్లు పంపించారు. వచ్చి ఇరవై నిమిషాలు చెట్టు చుట్టూ తిరిగాడు, పక్కింటి మేడ ఎక్కి అటు నుంచి కూడా చూశాడు, లైన్‌మన్‌తో మాట్లాడారా అని ఆయనే అడిగాడు. తొమ్మిది వేలు చెప్పాడు, కట్టె మాకే. ఎక్కువే అనిపించింది కానీ ఒప్పుకున్నాం. నలుగురు వచ్చారు. పొద్దున ఏడింటికి ఎల్‌సీ తీసుకున్నారు, లైన్‌మన్ సరే అనే దాకా ఒక్కరూ చెట్టు ముట్టుకోలేదు. షెడ్డు వైపు మూడు పెద్ద కొమ్మలను ఒక్కొక్క దానికి మోకు కట్టి, పై కొమ్మ మీదుగా వేసి, ఇద్దరు పట్టుకుని బావిలోంచి నీళ్లు చేదినట్టు అంగుళం అంగుళం దించారు. రేకుకు గీత కూడా పడలేదు. పక్కింటాయన మొత్తం చూసి, తనే అందరికీ టీ తెప్పించాడు.

నాలుగో కొమ్మ దగ్గర పైనున్నతను ఆగిపోయాడు. ఎప్పుడో విరిగిన చోట చిన్న తొర్రలో గోరింక గూడు, లోపల మూడు పిల్లలు. ఆ కొమ్మ అంత బరువుది కాదు, షెడ్డుకు దూరంగానే ఉంది, కొసలు మాత్రం కొంచెం తగ్గించి వదిలేశాడు. రెక్కలొచ్చి ఎగిరిపోయాక జూన్ ఆఖర్లో వచ్చి తీస్తానన్నాడు, దానికి వేరే డబ్బులు అడగలేదు. మా అమ్మ ఇప్పుడు పొద్దున్నే గద్దె తీసిన చోట మట్టికి నీళ్లు పోసి, కాసేపు అక్కడే నిలబడి పైకి చూస్తుంది.